ఎవరు బిగించిన పలక?

రాయి వంగదని మా నాన్న, వంగుతుందని నేను. మా ఇంట్లో ఈ గొడవ ఎప్పట్నుంచో ఉంది. ఆయన గోడలకు రాతి పలకలు బిగించే మేస్త్రి. నేను భూమి లోపల రాళ్లు ఎలా నలిగాయో, ఎలా మడతలు పడ్డాయో మైక్రోస్కోపు కింద పెట్టి చూసే మనిషిని. నాకు డాక్టరేటు వచ్చిన రోజు ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ, "మా అమ్మాయి వంగిన రాళ్లకు డాక్టరండీ. ఇంతవరకూ ఒక్క పేషెంటూ లేచి కూర్చోలేదు," అని చెప్పాడు. నేను మాత్రం తక్కువ తిన్నానా? "నీ చేతిలో పడ్డవి మాత్రం గంతులేస్తున్నాయా?" అన్నాను. అమ్మ ఇద్దర్నీ కలిపి తిట్టింది.

నాన్న వాదన ఒకటే. "లోపల ఉన్నప్పుడు ఆ వేడికీ బరువుకీ వంగిందంటే సరే, నేనేమన్నా చూడొచ్చానా? కోసి, పాలిష్ పట్టి, గోడకెక్కించాక అది చచ్చిన రాయి. చచ్చింది వంగడమేంటే?" నేను గయ్యిమనేదాన్ని. నన్ను గయ్యిమనిపించడం ఆయనకు సరదా. ఈ సరదా గొడవ మా పీకల మీదికి వస్తుందని ఎవరనుకుంటారు?

పెద్దాసుపత్రి ముందు గోడ నుంచి పాలరాతి పలక ఒకటి ఊడి పడింది. ఎక్స్‌రే గదిలో పనిచేసే ఒకతను టీ తాగి లోపలికి వెళ్తున్నాడు. అతని మీద పడింది. చుట్టూ అంతమంది డాక్టర్లు ఉండి కూడా ఎవరూ చెయ్యగలిగింది లేకపోయింది. అతనికి భార్య, ఇద్దరు ఆడపిల్లలు.

ఆ గోడకు పాలరాయి ఎక్కించి చాలా ఏళ్లయింది. ఎడమ సగం వేరే ముఠా బిగించింది, కుడి సగం మా నాన్న ముఠా బిగించింది. పడింది కుడి సగంలోది, పైనుంచి రెండో వరస. ఏ వరసో వినగానే నాన్న మంచం మీద కూలబడ్డాడు.

ఎందుకో నాకు తెలుసు. ఆ పని జరుగుతున్న రోజుల్లో అమ్మ అదే ఆసుపత్రిలో ఉంది. నాన్న బయట గోడకు కట్టిన సారువ కర్రల మీద నిలబడి పలకలు ఎక్కిస్తూ, మధ్యమధ్య కిందికి దిగి, చేతులు కడుక్కుని, వార్డులోకి వెళ్లి ఆమెను చూసుకుని వచ్చేవాడు. ఆ రెండో వరస ఎక్కిస్తున్న రోజే డాక్టరు ఆయన్ని కిందికి పిలిపించి, ఆపరేషన్ వల్ల లాభం లేకపోయిందని చెప్పాడు. నాన్న విన్నాడు, తలూపాడు, మళ్లీ పైకెక్కాడు. పలకను గోడకు పట్టి ఉంచే పిన్నుల రంధ్రాల్లో నింపే జిగురు అప్పటికే కలిపేసి ఉంది మరి. కలిపిన జిగురు ఎవరి కోసమూ ఆగదు, గట్టిపడిపోతుంది. ఆ మధ్యాహ్నం తనేం చేశాడో ఆయనకు ఈ రోజుకీ గుర్తు లేదు. చేతులు వాటంతట అవే పని చేశాయి, అంతే.

"ఏదో ఒక రంధ్రంలో జిగురు నింపడం మర్చిపోయుంటాను," అన్నాడు. "ఆ మనిషిని నేనే చంపాను."

"ఆగు నాన్నా. ముందు రాయిని చూడనీ," అన్నాను.

నేను వెళ్లేసరికి పలక ముక్కల్ని గోనెసంచుల్లోకి ఎత్తుతున్నారు. ఒక ముక్క అడిగి తీసుకున్నాను. వేలితో అంచు రుద్దితే చక్కెరలా రాలింది. మంచి పాలరాయి అలా రాలదు. గోడ అడుగున చేతికందే పలకలున్నాయి. గొంతుక్కూర్చుని ఒక్కోదాని మీద అడ్డంగా దారం బిగించి పట్టుకుని చూశాను. దారం నడుమ రాయికి తగులుతోంది, రెండు చివర్లా వేలు దూరేంత సందు ఉంది. ఒకటి కాదు, వరసంతా అలాగే ఉంది. లేచి వెళ్లి ఎడమ సగంలో చూశాను. అక్కడా అంతే.

గేటు దగ్గర కాపలా ఉండే పెద్దాయన వచ్చి వెనక నిలబడ్డాడు. "ఏంటమ్మా, గోడకి కొలతలు తీస్తున్నారు? చొక్కా కుట్టిస్తారా?"

"పొట్ట ఎంత పెరిగిందో చూస్తున్నానండీ."

ఆయన చెంప గోడకు ఆనించినంత దగ్గరగా వంగి పక్కనుంచి చూశాడు. నవ్వు ఆగిపోయింది. "అవును సుమీ, ఉబ్బింది! రోజూ దీని కిందే కుర్చీ వేసుకుని కూర్చుంటానమ్మా నేను." కుర్చీ అవతలికి జరుపుకుని, నా నంబరు రాసుకున్నాడు.

ముక్కను కోసి, గాజు మీద అంటించి, వెలుతురు దాటేంత పల్చగా అరగదీసి మైక్రోస్కోపు కింద పెట్టాను. పాలరాయి అంటే చిన్నచిన్న స్ఫటికపు పలుకుల కుప్ప. బాగా నలిగిన పాలరాయిలో పలుకుల అంచులు రంపపు పళ్లలా ఒకదాంట్లోకి ఒకటి దూరి ఉంటాయి, విడదీద్దామన్నా రావు. అదే రాయి నలగడం అయిపోయాక చాలాకాలం భూమి లోపలి వేడిలో తీరిగ్గా పడి ఉందనుకోండి, ఆ పళ్లన్నీ మాసిపోతాయి. అంచులు తిన్నగా అవుతాయి. మూడేసి పలుకులు ఒక్కో మూల దగ్గర కలుసుకుని, సబ్బు నురగలా ముచ్చటగా ఉంటాయి.

చూడటానికే ఆ ముచ్చట. ఎండ తగిలితే ఒక్కో పలుకూ ఒకవైపు సాగి, అడ్డంగా కుంచించుకుంటుంది. పక్క పలుకు సాగేది మరోవైపు. అంచులు నున్నగా ఉన్న చోట పట్టు వదిలేస్తుంది. సాయంత్రం చల్లబడినా మొదటి చోటికి రాదు. రోజూ కొంచెం, రోజూ కొంచెం. ఏళ్ల తరబడి ఎండా వానా తిన్నాక పలక పొట్ట ముందుకొస్తుంది, పిన్నులున్న చోట అంచు పగులుతుంది, ఊడుతుంది.

నా కళ్ల ముందున్నది నురగే. మచ్చుకు ఒక్క పన్ను కూడా లేదు. అమ్మయ్య, నాన్న తప్పు కాదు అనుకున్నాను. ఆ వెంటనే ఎడమ సగం గుర్తొచ్చింది. రెండు సగాలకూ ఎక్కించింది ఒకే గనిలోంచి వచ్చిన రాయి. గోడ మొత్తం దించకపోతే ఇంకొకటి పడుతుంది, ఇంకొకరి మీద పడుతుంది.

నాన్నను మా ల్యాబుకు తీసుకెళ్లాను. కళ్లద్దాలు తీసి చూశాడు, పెట్టుకుని చూశాడు. "బాగుందే. రంగురంగులుగా ఉంది," అన్నాడు. గట్టి పాలరాయి ముక్క పెట్టాను. "ఇదీ బాగుంది."

"తేడా తెలియడం లేదా? ఇందులో అంచులు పళ్లుపళ్లుగా ఉన్నాయి. అందులో తిన్నగా ఉన్నాయి."

"నువ్వు చెప్తుంటే ఉన్నట్టే ఉంది. చెప్పకపోతే లేదు." తలెత్తాడు. "అది సరేగానీ, పిన్ను రంధ్రాలు చూశావా?"

చూశాను. అబద్ధమాడటం నాకు చేతకాదు, ఆ సంగతి మా చుట్టాలందరూ ఏదో ఒకప్పుడు ఏడ్చి మరీ తెలుసుకున్నారు. "సంచుల్లో ముక్కలన్నీ తిరగేసి చూశాను. నాలుగు రంధ్రాలు. ఒకదాంట్లో జిగురు సరిగ్గా లేదు. కానీ నాన్నా, ఆ బరువుకి మిగతా మూడూ చాలు. ఆ మూడూ జిగురు వదిలి ఊడలేదు. చుట్టూ ఉన్న రాయే పిండై..."

ఆయన విన్నది మొదటి సగమే. "ఒకదాంట్లో లేదు," అన్నాడు. "నేను చెప్పలా?"

"మొత్తం విని చావు నాన్నా!"

"నాకోసం నువ్వు ఎంతైనా చెప్తావు తల్లీ. నాకు తెలియదూ?" అని నా తల నిమిరాడు. నా నోట్లోంచి ఇన్నేళ్లూ పుల్లవిరుపు మాటలు తప్ప ఎవరూ విని ఎరగరు. అలాంటిది నేను జన్మకోసారి ఆయనకు ఒక మంచి మాట చెప్తే, అది ప్రేమ అనుకున్నాడు గానీ నిజం అనుకోలేదు. ఒళ్లు మండిపోయింది.

ఆసుపత్రి వాళ్లు విచారణ కమిటీ వేశారు. చైర్మన్ రిటైరైన ఇంజినీరు, నెమ్మదస్తుడు. నా రిపోర్టు మొదటి నుంచి చివరిదాకా నా ఎదుటే చదివాడు. "బాగా రాశారు. కానీ మీరు ఆయన కూతురు కదమ్మా," అన్నాడు. అందులో న్యాయం ఉంది, కాదనలేను.

"అయితే వేరే ల్యాబులో పరీక్ష చేయించండి," అన్నాను. "పలకలోంచి పట్టీలు కోసి, ఒకవైపు తడిపి, మరోవైపు వేడి చేసి చల్లారుస్తూ కొన్ని వారాలు చూస్తే, వంగేదీ లేనిదీ తేలిపోతుంది. అంతవరకూ ఆ గోడ కిందికి మనిషిని రానివ్వకండి."

ఒప్పుకున్నాడు. గోడ పొడవునా తాడు కట్టారు. ముందు గుమ్మం మూసేసి పక్క గుమ్మం నుంచి రాకపోకలు పెట్టారు. నాకు కాస్త ఊపిరాడింది.

తర్వాతి సమావేశానికి మా ఇద్దరితో పాటు చనిపోయినతని భార్యనూ పిలిచారు. ఒక్కతే వచ్చింది. చైర్మన్ ఆమెను కూర్చోబెట్టి, పరీక్ష సంగతీ, దానికి పట్టే సమయం సంగతీ మర్యాదగా వివరించాడు. ఆమె అంతా విన్నది.

"అవన్నీ నాకెందుకండీ?" అంది. "ఆ రాయి అక్కడ పెట్టింది ఎవరు?"

నా పక్క కుర్చీ కిర్రుమంది. నాన్న లేచాడు.

"నేనేనమ్మా. ఈ చేతులతోనే పెట్టాను. ఒక రంధ్రంలో జిగురు నింపలేదు. ఆ రోజు నా మనసు మనసులో లేదు. తప్పు నాదే."

"నాన్నా, కూర్చో!" అని అరిచాను. "ఆయనకు ఏమీ గుర్తు లేదండీ! ఆ రోజు మా అమ్మకు..."

"మీరు కూర్చోండమ్మా," అన్నాడు చైర్మన్. మాట మెత్తగానే ఉంది, కానీ ముఖం చూస్తే నాకు అర్థమైపోయింది. అంత పెద్ద గోడ దించడం కంటే ఒక ముసలి మేస్త్రి తప్పు ఒప్పుకోవడం ఆ గదిలో అందరికీ హాయి. ఆసుపత్రి మేనేజరు అప్పటికే కాగితాలు సర్దుకుంటున్నాడు.

ఆమె మాత్రం నాన్న వంకే చూస్తూ ఉండిపోయింది. తిడుతుందనుకున్నాను. "మీకు పిల్లలున్నారా?" అని అడిగింది. ఉందన్నట్టు నాన్న నావైపు చూశాడు. "అయితే మిమ్మల్ని చూసుకోడానికి మనిషి ఉంది," అని లేచి వెళ్లిపోయింది.

దాంతో కమిటీ పని అయిపోయింది. ఆ ఒక్క వరసకు కొత్త పిన్నులు వేయించారు. పరీక్ష అక్కర్లేదన్నారు. తాడు విప్పేసి ముందు గుమ్మం తెరిచారు. పోలీసులు నాన్న మీద నిర్లక్ష్యం కేసు పెట్టి, బెయిలిచ్చి ఇంటికి పంపారు.

ఆ రోజు ఇంట్లో నేను అరిచిన అరుపులకు పక్కింటి వాళ్లు కిటికీ మూసుకున్నారు. "నీకు గుర్తే లేని పని చేశానని ఎలా చెప్పావు? ఎవడడిగాడు నిన్ను?"

"ఆ అమ్మాయి అడిగింది కదే."

"నిజం చెప్పడానికి నేనున్నాను కదా అక్కడ!"

"ఏం చెప్తావు? పలుకులు, అంచులు, నురగ... అవి పట్టుకుపోయి ఆ అమ్మాయి ఏం చేసుకుంటుంది?"

"నీ అబద్ధం పట్టుకుపోయి ఏం చేసుకుంటుంది?"

"తిట్టుకోడానికి ఒక మనిషి దొరికాడు కదా," అన్నాడు నాన్న. "రాయిని ఎంతకాలం తిట్టుకుంటుంది?"

జవాబు లేనప్పుడు నాకు కోపం ఇంకా ఎక్కువవుతుంది. "ఇంకొకటి పడితే అప్పుడు తెలుస్తుంది," అని తలుపు ధడాలున వేసి వచ్చేశాను.

పరీక్ష నేనే చేయించాను. వేరే ఊళ్లో ఈ పరీక్షకు పనికొచ్చే ఓవెన్ ఉన్న స్నేహితురాలికి నా దగ్గరున్న ముక్కలోంచి పట్టీలు కోసి పంపి కాళ్లా వేళ్లా పడ్డాను. అవి వంగాయి. నేను అనుకున్నదానికంటే ఎక్కువే వంగాయి. ఆ ఫలితాలు ఆసుపత్రికి పంపించాను, జవాబు లేదు. నేనే వెళ్లాను. విచారణ ముగిసిపోయిందన్నాడు మేనేజరు. మీ నాన్నగారే ఒప్పుకున్నారు కదా మేడమ్, ఇంకా ఎవరి కోసం మీ తాపత్రయం అన్నాడు. ఆ గోడ కింద నడిచే వాళ్ల కోసం అన్నాను. గొంతు పెరిగిందనుకుంటాను, గేటు పెద్దాయన్ను పిలిచి నన్ను బయటికి పంపించమన్నాడు. పాపం, ఆ పెద్దాయన నాకంటే ఎక్కువ సిగ్గుపడిపోయాడు. "నా కుర్చీ అయితే ఇవతలే వేసుకుంటున్నానమ్మా," అన్నాడు వీధిలోకి వచ్చాక. "వచ్చేపోయే వాళ్లకు నేనేం చెప్పను? చెప్తే నా ఉద్యోగం ఊడుతుంది."

నాన్న ఒక్కడు నమ్మినా చాలనుకున్నాను. ఒప్పుకున్న మాట ఆయనే వెనక్కి తీసుకుంటే కమిటీ మళ్లీ కూర్చోక తప్పదు. వంగిన పట్టీ ఒకటి తీసుకెళ్లి ఆయన ముందు బల్ల మీద పెట్టాను. ఒక చివర వేలితో నొక్కాడు. రెండో చివర పైకి లేచింది. మళ్లీ నొక్కాడు, మళ్లీ లేచింది. చాలాసేపు అలా నొక్కుతూనే ఉన్నాడు.

"కోసేటప్పుడే వంకర పోయుంటుంది," అన్నాడు చివరికి.

నేను ఆ పట్టీ లాక్కుని గోడకేసి కొట్టాను. ముక్కలైంది. నాన్న చీపురు తెచ్చి, ఒక్క ముక్క కూడా కాలికి గుచ్చుకోకుండా మంచం కింద దాకా ఊడ్చాడు. "నీ కోపం మీ అమ్మదే," అన్నాడు. ఆయన బాగా చిక్కిపోయాడు. పనికి ఎవరూ పిలవడం లేదు, పిలిచినా వెళ్లేలా లేడు. ఆ చేతులతో టీ గ్లాసు పట్టుకోడానికి కూడా జంకేవాడు. చూస్తే నాకు ఏడుపొచ్చేది. ఏడుపు రాగానే మళ్లీ తిట్టేదాన్ని.

ఎండలు ముదిరాయి. ఒకరోజు పొద్దున నేను పాఠం చెప్తుండగా ఫోన్ మోగింది. గేటు పెద్దాయన.

"పడిందమ్మా. ఇంకోటి పడింది."

"ఏ వైపు?" అన్నాను.

"ఎడమ వైపమ్మా, కింద..."

"ఎడమ వైపేనా? సరిగ్గా చూశారా?"

"ఎడమ వైపేనమ్మా, కళ్లారా చూశాను. కింద ఒకావిడ..."

"వస్తున్నాను," అని పెట్టేశాను. పాఠం అక్కడే వదిలేసి రోడ్డెక్కాను. ఆసుపత్రికి వెళ్లలేదు. తిన్నగా నాన్న దగ్గరికే వెళ్లాను.

ఆయన కుళాయి దగ్గర గిన్నె తోముకుంటున్నాడు. నా వాలకం చూసి లేచాడు.

"నాన్నా, ఇంకో పలక పడింది."

"ఎవరు బిగించింది?"

"నువ్వు కాదు. ఎడమ సగంలోది. వాళ్లు బిగించింది."

నాన్న ముఖం విప్పారింది. అమ్మ పోయాక ఆ ముఖంలో అంత వెలుగు నేను చూడలేదు. సబ్బు నీళ్లు కారుతున్న చేతులు రెండూ పైకెత్తి, అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. "అయితే నా చెయ్యి కాదే! రాయేనే! రాయి వంగిందే తల్లీ!" అని నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది. చెప్పానా, చెప్పానా అంటూ ఆయన భుజాలు పట్టుకుని ఊపేశాను. ఇద్దరం ఆ కుళాయి దగ్గర పిచ్చివాళ్లలా నవ్వుకున్నాం.

ముందు ఆయన నవ్వు ఆగింది.

"కింద ఎవరైనా ఉన్నారా?"

"ఒకావిడ అన్నాడు."

"బతికుందా?"

"తెలియదు నాన్నా. నేను... ఏ వైపని అడిగాను. అది అడగలేదు."

ఆయన చేతులు మెల్లగా దించాడు. లుంగీకి తుడుచుకున్నాడు, తడి పోయాక కూడా తుడుచుకుంటూనే ఉన్నాడు. నేను గేటు పెద్దాయనకు ఫోన్ చేశాను. ఆవిడ పోయింది. కోడలికి భోజనం పట్టుకొచ్చి, ముందు గుమ్మంలోంచి లోపలికి వెళ్తోందట.

"ముందు గుమ్మంలోంచా?" అన్నాడు నాన్న.

"ఊఁ."

"తాడు ఉండి ఉంటే అటు వచ్చేది కాదు కదా."

నేను ఫోన్ సంచిలో పెట్టుకున్నాను.

"తాడు విప్పించింది నేనే కదే. ఆ రోజు నేను నోరు మూసుకుని కూర్చుని ఉంటే, నువ్వు చెప్పినట్టు పరీక్ష అయ్యేది, గోడ దించేవాళ్లు." ఆయన నా ముఖంలోకి చూశాడు. "మొదటి ఆయన్ని నేను చంపలేదు. ఈవిడని చంపాను. అవునా, కాదా? నీకు అబద్ధం రాదు కదా, చెప్పు."

"కాదు నాన్నా," అన్నాను.

నా గొంతు నాకే నచ్చలేదు. ఆయన ఎప్పటిలాగే నా తల నిమిరాడు. ఇంట్లోకెళ్లి చొక్కా వేసుకుని వచ్చాడు.

"ఎక్కడికి?" అన్నాను.

"ఆసుపత్రికి. ఆవిడ తాలూకు వాళ్లు ఇప్పటికి వచ్చుంటారు. ఇలా ఎందుకైందని అడుగుతారు. ఎవరో ఒకరు చెప్పాలి కదా."

కమిటీ ముందు అరిచినట్టు, కూర్చో నాన్నా అని అరుద్దామని నోరు తెరిచాను. అరవడానికి ఈసారి నా దగ్గర ఏమీ లేదు. తాళం వేసి ఆయన వెనకే నడిచాను.